పాఠకుల ప్రశ్నలు: ఓరుగల్లు రాజు, మేడారం తల్లి, మరికొందరు

కథల్లో, తెర మీద, బతుకులో మీరు ఎవరిని వీరుడనుకుంటారో, ఎవరిని దుర్మార్గుడనుకుంటారో రాయమని గత సంచికలో అడిగాం. ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. జవాబు చెప్పగలిగినవి కొన్ని, చెప్పక తప్పనివి కొన్ని ఏరి ఇక్కడ ఇస్తున్నాం. ఉత్తరాలను కుదించాం గాని అడిగిన సంగతిని మార్చలేదు.

ఎనిమిదో తరగతికి కాకతీయుల పాఠం చెబుతూ, ప్రతాపరుద్రుడు చివరిదాకా పోరాడిన గొప్ప రాజు అన్నాను. తాడ్వాయి వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న కోయ అమ్మాయి లేచి, ‘సమ్మక్క తల్లి మీదికి సైన్యాన్ని పంపింది ఆయనే కద సార్?’ అని అడిగింది. నాకు మాట రాలేదు. ఏమని చెప్పాల్సింది?
— సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, ములుగు

‘అవునమ్మా, మీ పెద్దలు చెప్పే కథలో ఆయనే’ అని చెప్పాల్సింది. దానివల్ల మీ పాఠం చెడదు, నిజానికి అక్కడే మొదలవుతుంది.

వరంగల్ వాళ్లకు ప్రతాపరుద్రుడు వీరుడిగానే అందాడు. అందుకు కోట, తోరణాలు ఎంత కారణమో, ఒక పుస్తకమూ అంతే కారణం. ఆయన కొలువులోని విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’ అనే అలంకారశాస్త్ర గ్రంథాన్ని సంస్కృతంలో రాశాడు. నాయకుడు ఎలా ఉండాలి, రసమంటే ఏమిటి, దోషాలు ఏవి, అలంకారాలు ఎన్ని అని వివరించే ఆ గ్రంథంలో ఉదాహరణగా ఇచ్చిన శ్లోకాలు ప్రతాపరుద్రుణ్ని కీర్తించేవే. మొదటి ప్రకరణమే నాయక ప్రకరణం. నాటక లక్షణాలు చెప్పవలసిన చోట, ఆ రాజునే కథానాయకుణ్ని చేసి ఒక నాటకాన్ని రాసి గ్రంథం మధ్యలో చేర్చాడు. నాయకుడెవరో నిర్ణయించే శాస్త్రం మన ఓరుగల్లులో తయారైంది, దానికి కొలతలు ఇచ్చినవాడు సింహాసనం మీద ఉన్న ప్రభువు. ఒకరి ఒంటికి కొలతలు తీసి కుట్టిన అంగీ వారికే చక్కగా సరిపోయిందని ఆశ్చర్యపోతే ఎలా?

ఓరుగల్లుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, మేడారం అడవిలో, అదే రాజు గురించి ఇంకో కథ ఉంది. కరువొచ్చి కప్పం కట్టలేమన్న కోయదొర పగిడిద్దరాజు మీదికి ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చింది. ఆ పోరులో పగిడిద్దరాజు, కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు నేలకొరిగారు. కొడుకు జంపన్న సంపెంగవాగులో దూకి ప్రాణం విడిచాడు, ఆ వాగుకు ఈనాటికీ అతని పేరే. వెన్నుపోటు తిన్న పగిడిద్దరాజు భార్య సమ్మక్క చిలుకలగుట్ట వైపు నడిచిపోయి కనుమరుగైంది. వెతకబోయినవారికి కుంకుమ భరిణె ఒక్కటే దొరికింది. ఇది రాజశాసనాలు చెప్పే కథ కాదు. కోయ పూజారుల నోట, కోయల కథలు పాడే డోలీల పాటల్లో, రెండేళ్లకోసారి మాఘమాసంలో గద్దెల దగ్గర నిలిచే లక్షలమంది మొక్కుల్లో బతికిన కథ. అక్కడ విగ్రహం లేదు, అయినా ప్రతాపరుద్రుడు ఎవరో అక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు.

మీ తరగతికి మూడో కథ కూడా చెప్పండి, నా దృష్టిలో అసలు పాఠం అందులోనే ఉంది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ ముట్టడి తరువాత ప్రతాపరుద్రుడు ఢిల్లీ సుల్తానుకు ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకున్నాడు. ఢిల్లీ వైపు పారశీక చరిత్రకారులు ఆయన పేరును ‘లద్దర్ దేవ్’ అని రాశారు. వాళ్ల రాతల్లో ఆయన వీరుడూ కాదు, రాక్షసుడూ కాదు, బకాయిపడ్డ సామంతుడు. బాకీ వసూలుకు 1318లో ఒకసారి సైన్యం వచ్చింది. 1323లో సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకుని రాజును బందీగా ఢిల్లీకి పంపాడు. దారిలో నర్మద ఒడ్డున ఆయన మరణించాడని విలస తామ్రశాసనం చెబుతుంది. కప్పం రాలేదని అడవి మీదికి సైన్యాన్ని నడిపాడని ఒక కథ నిందించిన రాజు, కప్పం అందలేదని తన మీదికి నడిచి వచ్చిన సైన్యానికి బందీ అయ్యాడు. ఓరుగల్లులో నాయకుడు, మేడారంలో పీడకుడు, ఢిల్లీలో బాకీదారు. మనిషి ఒక్కడే.

ఈ మూడింటిలో ఏది నిజమని పిల్లలు అడుగుతారు. కప్పం అడిగింది ఎవరు, కట్టవలసి వచ్చింది ఎవరు, ఆ ధాన్యం పండించింది ఎవరు అని మీరు తిరిగి అడగండి. మూడు కథల్లోనూ ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఆ అమ్మాయికి మాత్రం ఇంకొక సంగతి చెప్పాలి. జాతర నాడు ఓరుగల్లు కోట లోపల కాపురముండే కుటుంబాలు కూడా నిలువెత్తు బెల్లాన్ని ‘బంగారం’ అని మొక్కుకుని మేడారం బస్సెక్కుతాయి. సైన్యాన్ని పంపిన ఊరే ఇప్పుడు మొక్కు తీర్చుకోవడానికి ఆ తల్లి దగ్గరికి పోతున్నది.

సాహిత్యంలో చెప్పే ప్రతినాయకుడు, మనం మాట్లాడుకునే విలన్ ఒకటేనా? పరీక్షకు కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను.
— డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

ఒకటి కాదు. ధనంజయుడి నాటకశాస్త్ర గ్రంథం ‘దశరూపకం’ ప్రకారం ప్రతినాయకుడు లోభి, మొండివాడు, పాపం చేసేవాడు, వ్యసనపరుడు, నాయకుడికి శత్రువు. ఇంతవరకు విలన్ లక్షణాల్లాగే ఉన్నాయి. అయితే వాటితోపాటు అతడు ధీరోద్ధతుడు అని కూడా అన్నారు. ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు అని నాయకులకు చెప్పిన నాలుగు రకాల్లో అది ఒకటి. అంటే ప్రతినాయకుడికి కూడా ధైర్యం, స్థాయి తప్పనిసరి. రావణుణ్ని గెలిచి రాముడు గొప్పవాడు కావాలంటే రావణుడు అంతకుముందే గొప్పవాడై ఉండాలి.

విలన్ అన్న మాట పుట్టుక వేరు. లాటిన్‌లో భూస్వామి పొలాన్ని, అందులోని ఇంటిని ‘విల్లా’ అనేవారు. ఆ పొలానికి కట్టుబడి పనిచేసేవాడికి దాన్నిబట్టి ఒక పేరు వచ్చింది. అది పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి మొదట మోటు మనిషి, ఆ తరువాత నీచుడు, చివరకు నాటకంలో దుర్మార్గుడు అనే అర్థాలు తెచ్చుకుంది. గడి ముందు వెట్టి చేసేవాడి పేరు రానురాను తిట్టుగా మారిందనుకోండి, అటువంటిదే ఇది. ఆ మాటకు అర్థం మార్చినవాళ్లు పొలంలో ఉన్నవాళ్లు కాదని వేరే చెప్పనక్కరలేదు.

లోభం ఒక్కటి తీసేస్తే, దశరూపకం ప్రతినాయకుడికి చెప్పిన లక్షణాలన్నీ ఇప్పటి మన సినిమా హీరోకు చక్కగా అమరుతున్నాయి. పరీక్షకు కాదన్నారు కనుక ధైర్యం చేసి రాస్తున్నాను.

నేను సింగరేణిలో చేరిన రోజుల్లో సినిమాకు పోతే, మా ఇంట్లో మాట్లాడుకునే మాటలే తెర మీద రౌడీ నోట, తాగుబోతు నోట వినబడేవి. హాలంతా నవ్వేది, మా పిల్లలు కూడా నవ్వేవారు. ఇప్పుడు హీరోలే అట్లా మాట్లాడుతున్నారు. ఇక లెక్క సరిపోయినట్టేనా?
— విశ్రాంత ఉద్యోగి, మంచిర్యాల

సగం సరిపోయింది.

1985లో వచ్చిన ‘ప్రతిఘటన’లో మంత్రి కాశయ్య పాత్రకు కోట శ్రీనివాసరావు తెలంగాణ మాటతీరు పెట్టారు. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన ఆ నటుడు మన యాసను పట్టుకున్న తీరు చూస్తే ఆయన చెవికి దండం పెట్టాలనిపిస్తుంది. ఒక పాత్రకు ఒక యాస ఇవ్వడంలో తప్పు లేదు. ఇరవై ముప్పై ఏళ్లపాటు దుర్మార్గుడికి, వెకిలివాడికి అదే యాస ఇచ్చి, హీరోకు, అతని తల్లికి, ఊరి పెద్దమనిషికి కోస్తా జిల్లాల పుస్తకభాష ఇవ్వడంలో ఉంది తప్పు. పాత్ర ఏ పాపమూ చేయకముందే, నోరు విప్పగానే, వీడే విలన్ అని ప్రేక్షకుడికి తెలిసిపోయేది. అంటే దుర్మార్గం పనిలోంచి జారి మాటలోకి చేరింది. పై జవాబులో చెప్పిన ‘విల్లా’ కథ ఇదే. పొలంలో ఉన్నవాడి మాట మోటు, మోటువాడు చెడ్డవాడు.

తరువాత మార్పు వచ్చిన మాట నిజం. 2017లో ‘ఫిదా’లో బాన్సువాడ అమ్మాయి తన ఇంటి భాషలోనే ప్రేమించింది, అలిగింది, తండ్రి కోసం ఏడ్చింది. 2023లో ‘బలగం’ ఇంకొక అడుగు ముందుకు వేసింది. సిరిసిల్ల ప్రాంతపు పల్లెలో తీసిన ఆ కథలో ఒక్క విలన్ లేడు. బావకు, బామ్మర్దికి మధ్య నల్లిబొక్క దగ్గర మొదలైన పంతం, తాత చనిపోయాక పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోవడం, ఇంతే సంగతి. చెడ్డవాడు లేకుండానే థియేటర్లో జనం కండువాలతో కళ్లు ఒత్తుకున్నారు. కథ నడవాలంటే గాయం ఉండాలి గాని, ఆ గాయం చేసినవాడు మీసం మెలేసుకుంటూ ఎదురుగా నిలబడాలని లేదు.

సగమే అని ఎందుకన్నానంటే, కొన్ని కొత్త సినిమాల్లో మన హీరో చేతిలో సీసా లేనిదే, నోట బూతు లేనిదే తెలంగాణవాడిలా కనబడడేమోనన్న బెంగ దర్శకులకు పట్టుకుంది. పైగా వరంగల్ మాట, కరీంనగర్ మాట, ఆదిలాబాద్ మాట ఒకటి కావు, తెర మీద మాత్రం అన్నీ కలిపి రుబ్బిన ఒకే యాస నడుస్తున్నది. వెనక విలన్‌కు తగిలించిన ముసుగునే కొంచెం రంగు మార్చి హీరోకు తగిలిస్తే, అది మన మొహమని ఎలా ఒప్పుకుంటాం?

మా అత్తమ్మ టీవీలో ‘దానవీరశూరకర్ణ’ ఎప్పుడొచ్చినా చూస్తుంది. దుర్యోధనుడు చనిపోయే చోట కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ద్రౌపదిని సభకు ఈడ్పించినవాడి కోసం ఏడుపేమిటని నేను, నీకు తెలియదులేవే బిడ్డా అని ఆమె. మీరే తీర్పు చెప్పండి.
— గృహిణి, సిరిసిల్ల

అత్తాకోడళ్ల నడుమ తీర్పు చెప్పడానికి ఈ శీర్షికకు ధైర్యం చాలదు. చిక్కేమిటంటే, మీరిద్దరూ చెబుతున్నది నిజమే.

1977లో వచ్చిన ఆ సినిమాలో ఎన్.టి. రామారావు కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు అనే మూడు వేషాలు వేస్తూ దర్శకత్వం కూడా వహించారు. అంతకుముందు 1958లో ‘భూకైలాస్’లో, 1961లో ‘సీతారామ కళ్యాణం’లో రావణుడు ఆయనే. రాముడిగా, కృష్ణుడిగా ఇళ్లలో పటాలకెక్కిన నటుడికి ప్రతినాయక పాత్రల మీద అంత మమకారం ఎందుకంటే, వాటిలో నటనకు చోటు ఎక్కువ. దేవుడికి సందేహం రాదు, అసూయ పుట్టదు, ఓటమి ఉండదు. దుర్యోధనుడికి ఈ మూడూ ఉన్నాయి. దుర్యోధనుడికి యుగళగీతమేమిటని ముక్కున వేలేసుకున్నవాళ్లకు ఆ సినిమాలో ‘చిత్రం భళారే విచిత్రం’ అన్న పాట జవాబు చెప్పింది. దాన్ని రాసినవారు మీ జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి. విలన్‌కు సరసం నేర్పింది మీ ఊరి పక్క కవే.

అయితే మీ అత్తమ్మ కంటతడికి కారణం ఆ పాట కాదనుకుంటాను. అస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుడి కులం అడిగినప్పుడు, కొండవీటి వెంకటకవి రాసిన మాటలతో దుర్యోధనుడు గురువులనే ఎదిరించి నిలదీస్తాడు. కులం పేరుతో గుమ్మం బయట నిలబెట్టబడ్డ ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో ఉన్నాయి. ఆ ఇళ్లలో పెరిగినవాళ్లకు, అడగవలసిన మాటను సభలో ధైర్యంగా అడిగినవాడు అక్కడ దుర్యోధనుడే, ధర్మరాజు కాదు. తరువాత జూదసభలో అతను చేసింది క్షమించరానిది. ఒకే మనిషి ఒక సభలో న్యాయం మాట్లాడి, ఇంకొక సభలో ఘోరం చేశాడు. మొదటిదాన్ని చూపి రెండోదాన్ని మాఫీ చేయకూడదు, రెండోదాని కోపంతో మొదటిదాన్ని చెరిపేయనూ కూడదు. ‘ప్రతిఘటన’లో అవమానం పాలైన స్త్రీ సమాజాన్ని నిందిస్తూ ఎత్తుకున్న పేర్లు కూడా దుర్యోధన దుశ్శాసనులవేనని మీ అత్తమ్మకు గుర్తుచేయండి, నెమ్మదిగా.

ఇటువంటి సంగతుల్లో మన పాత కవులకు ఉన్నంత నిబ్బరం మనకు లేదు. జనగామ దగ్గరి బమ్మెరకు చెందిన పోతన భాగవతంలో బలి రాక్షసుల రాజు. దానం అడగవచ్చినవాడు విష్ణువని, ఇస్తే సర్వం పోతుందని గురువు శుక్రాచార్యుడే హెచ్చరించాడు. అయినా బలి, రాజ్యాలేలినవారెవరూ పోతూ పోతూ సిరిని మూటగట్టుకుపోలేదని చెప్పి, ఇచ్చిన మాట మీదే నిలబడ్డాడు. ఆ పద్యాన్ని తరతరాలుగా పిల్లలు కంఠతా పట్టింది అది రాక్షసుడి మాట అని తెలిసే. హిరణ్యకశిపుడు సైతం పోతన చేతిలో మొదట కొడుకును తొడమీద కూర్చోబెట్టుకుని ‘ఏం చదివావురా నాయనా’ అని మురిసిపోయిన తండ్రి. వైకుంఠ ద్వారపాలకులు జయవిజయులే శాపవశాన మూడు జన్మలు హరికి శత్రువులై పుట్టారన్న కథతో కలిపి చూస్తే, విలన్ కూడా ఆ ఇంటి మనిషే.

మా తాతలు సర్వాయి పాపన్న కథ పాడుతుంటే పెరిగాను. ఈ మధ్య ఒకాయన, పాత చరిత్రల్లో అతన్ని బందిపోటు అని రాశారు పొమ్మన్నాడు. ఏది నమ్మాలి?
— రైతు, రఘునాథపల్లి మండలం

ఖిలాషాపూర్ మీ మండలంలోదే కనుక ఈ ప్రశ్న మీ దగ్గరి నుంచి రావడం సహజం. కల్లుగీసే కుటుంబంలో పుట్టి, మొగలు అధికారుల మీద తిరగబడి, కోటలు కట్టి, 1708లో ఓరుగల్లు మీద దాడి చేసి, 1710లో ప్రాణం కోల్పోయిన పాపన్న గురించి మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాశాడు. అందులో పాపన్న దోపిడీదారే. ఖాఫీఖాన్ కూర్చున్న చోటు నుంచి చూస్తే కల్లుమండువాలో పుట్టినవాడు కోటకు ఎక్కడం కంటే పెద్ద నేరం ఇంకేమి ఉంటుంది?

అయితే పాటను మాత్రం తూచకుండా వదలడం సరికాదు. ఓరుగల్లు దాడిలో నగరం కొల్లబోయింది, సంపన్నుల ఇళ్ల స్త్రీలు, పిల్లలు బందీలయ్యారు. వాళ్లను విడిపించుకోవడానికి తిరిగినవారికి పాపన్న వీరుడు ఎలా అవుతాడు? మీ తాతల పాటలో ఈ ముక్క ఉండదు, ఖాఫీఖాన్ రాతలో అంతకుముందు గీతకార్మికుడి వీపు మీద పడిన దెబ్బలు ఉండవు. రెండు కథలూ ఏ చోట నోరు మూసుకున్నాయో వెతికితే పాపన్న దొరుకుతాడు. పాట మానకండి. ఆ మాటన్న ఆయనకు మాత్రం, ‘బందిపోటు’ అన్నది ఎవరి నోటి మాటో చెప్పండి.

మీ శీర్షికలో ప్రతిసారీ ‘చెప్పేవాణ్ని బట్టి’ అంటారు. అట్లయితే దొర కూడా ఒక వైపు నుంచి చూస్తే వీరుడేనా? మా నాయనమ్మ గడిలో వెట్టి చేసింది. నాకు ఈ మాట మింగుడు పడటం లేదు.
— ప్రైవేటు ఉద్యోగి, పాలకుర్తి

మింగవద్దు. చెప్పేవాణ్ని బట్టి కథ మారుతుంది, జరిగిన పని మారదు.

1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుగా వెళుతున్న సంఘం (ఆంధ్రమహాసభ) వాళ్ల మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు జరిపిన కాల్పుల్లో దొడ్డి కొమరయ్య మరణించాడు. మీ పాలకుర్తిలోనే చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకుని పండించిన పంటను అదే దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోవాలని వస్తే, సంఘం కార్యకర్తలు అడ్డుపడి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. ఈ రెండింటినీ ఏ గడి మేడ మీద నుంచి చూసినా అర్థం ఒకటే. దేశ్‌ముఖ్ ఇంటివాళ్లకు అతను ప్రేమగల తండ్రి అయి ఉండవచ్చు, పండుగకు అందరికీ బట్టలు పెట్టి ఉండవచ్చు. అవి అతని ఇంటి సంగతులు. మీ నాయనమ్మ చేసిన వెట్టికి కూలి లెక్క అక్కడ కట్టరు.

పాలకుర్తి మాట వచ్చింది కనుక ఒకటి చెప్పకుండా ఉండలేను. ఐలమ్మకు సుమారు ఏడు వందల ఏళ్ల ముందు ఆ ఊరివాడేనని చెప్పుకునే పాల్కురికి సోమనాథుడు, రాజులను నాయకులను చేసే సంస్కృత మర్యాదను పక్కన పెట్టి, ద్విపదలో శివభక్తుల కథలు పాడాడు. ‘బసవపురాణం’లో బిజ్జలుడంతటి రాజును లెక్కచేయని మడివాలు మాచయ్య చాకలివాడు. అంటే చాకలి మనిషిని కావ్యంలో వీరుణ్ని చేసిన ఊరే, ఆ తరువాత ఒక చాకలి స్త్రీని చరిత్రలో వీరురాలిగా చూసింది. అయితే అదే సోమనాథుడు జైనుల సంగతి వచ్చేసరికి జాలి అన్నది లేకుండా రాశాడని కూడా ఒప్పుకోవాలి. కింద ఉన్నవాణ్ని పైకెత్తిన చెయ్యి ఇంకొకణ్ని నేలకు తొక్కింది.

ఇక సినిమాలో లాగా దొర చస్తే కథ ముగుస్తుందనుకోవడం పొరపాటు. నిజామాబాద్ జైలు గోడ మీద దాశరథి కృష్ణమాచార్య నిజామును పిశాచమని, అటువంటి రాజు మాకెన్నడూ కానరాలేదని బొగ్గుతో పద్యం రాశాడు. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది. ఆ పిశాచానికి ఏమైందంటారా? 1950 జనవరి నుంచి 1956లో రాష్ట్రాల పునర్విభజన దాకా ఆయనే హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్, అంటే గవర్నరు వంటి పదవి. సాయుధ పోరాటం మాత్రం 1951 అక్టోబరు దాకా సాగింది, రైతులు ఈసారి వేరే ప్రభుత్వపు తూటాలకు ఎదురు నిలిచారు. విలన్ ఒక్క మనిషి కాదు. దేశ్‌ముఖ్, పటేల్, పట్వారీ, వాళ్ల చేతిలోని దస్తరం అన్నీ కలిసి ఒక ఏర్పాటు. మనిషిని తరిమితే మనిషి పోతాడు, దస్తరం ఇంకొకరి చేతికి వెళ్తుంది.

2008లో నేను వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాను. విద్యార్థినులపై యాసిడ్ పోసిన కేసులో నిందితులు ముగ్గురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారని తెలియగానే మిఠాయిలు పంచినవారిలో నేనూ ఉన్నాను. ఇప్పుడు నాకొక కూతురు ఉంది. ఆనాడు చేసింది తప్పా అని ఆలోచిస్తే ఎటూ తేలడం లేదు.
— పేరు వద్దన్న పాఠకురాలు, కాజీపేట

మీ కోపం తప్పు కాదు. ఆ రోజుల్లో వరంగల్ వీధుల్లో నడిచిన ప్రతి ఆడపిల్లకు ఆ కోపం ఉండే హక్కు ఉంది. అయితే ఆ రోజు మీ చేతికి మిఠాయి ఇచ్చింది ఒక కథ. దుర్మార్గం జరిగింది, దుర్మార్గులు దొరికారు, ఒక వీరుడు వచ్చాడు, తెర పడింది. మూడు రోజుల్లో ముగిసిన కథ కనుక అందరికీ నచ్చింది.

2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో ఒక పశువైద్యురాలిపై జరిగిన ఘోరం తరువాత కూడా అంతే జరిగింది. నలుగురు నిందితులు చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు, పోలీసుల మీద పూలు చల్లారు. ఆ తరువాత సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ విచారణ జరిపి, ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని తేల్చి, పదిమంది పోలీసులపై హత్యాభియోగం మోపి విచారించాలని సిఫారసు చేసింది. 2022లో ఆ నివేదిక బయటికి వచ్చిన రోజు ఎవరూ పూలు చల్లలేదు, చదివినవారు కూడా తక్కువే.

నేరం చేసినవాడెవడో తేల్చవలసినది న్యాయస్థానం. అక్కడ ఆలస్యం ఉంది, విసుగు ఉంది, బాధితురాలి తండ్రి ఏళ్ల తరబడి తిరగవలసిన మెట్లు ఉన్నాయి. ఆ మెట్లను తగ్గించమని అడగడం మానేసి, మెట్లే వద్దనుకున్నాం. మీ అమ్మాయికి ఆనాటి సంగతి చెప్పవలసి వస్తే, మిఠాయి సంగతి దాచకుండా చెప్పండి.

అందరికీ జవాబులు చెబుతారు గాని, మీకు ఇష్టమైన విలన్ ఎవరో ఎప్పుడూ చెప్పలేదు.
— చందాదారు, జమ్మికుంట

నాకు ఏడెనిమిదేళ్లప్పుడు మా ఊళ్లో చిందు భాగవతం ఆడారు. ఆ రాత్రి ప్రహ్లాద చరిత్ర. హిరణ్యకశిపుడి వేషగాడు భుజకీర్తులు, కిరీటం, మొహమంతా ఎర్రటి రంగుతో తెర వెనక నుంచి ఒక్క అరుపు అరిస్తే, నేను మా అమ్మ కొంగులో దూరిపోయాను. అతని అడుగుకు నేల అదిరిందనిపించింది. నరసింహుడు వచ్చినప్పుడు అందరూ దండం పెట్టారు, నేను మాత్రం ఆ ఎర్ర మొహం వైపే చూస్తూ ఉండిపోయాను.

తెల్లవారి అతనే మా వాకిట్లోకి వచ్చాడు. చెవుల వెనక రంగు ఇంకా పోలేదు. గొంతు పోయి మాట సరిగ్గా రావడం లేదు. మా నాయనమ్మ చాటలో బియ్యం తెచ్చి, దూరం నుంచే అతని కండువాలో పోసింది. రాత్రంతా దేవుణ్ని గదమాయించిన మనిషి మా గడప లోపలికి రాలేదు, రమ్మని ఎవరూ అనలేదు. బియ్యం మూట కట్టుకుంటూ నన్ను చూసి, ‘రాత్రి జడుసుకున్నవా బిడ్డా?’ అని నవ్వాడు. జడుసుకోలేదని అబద్ధం చెప్పాను.